కీ లార్గోలో ఒక్క రోజు స్కూబా డైవింగ్: పొద్దున ఒక మునిగిన ఓడ, తర్వాత పగడపు దిబ్బ. క్లబ్బు ట్రిప్పు ఎలా నడపాలి

కీ లార్గో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు దీవి. అక్కడి డే ట్రిప్పులో ఒక్కొక్కరికి దక్కేది రెండు ట్యాంకుల గాలి, అంటే రెండు డైవులు. మొదటిది స్పీగల్ గ్రోవ్ ఓడ మీద, రెండోది మొలాసెస్ రీఫ్ అనే పగడపు దిబ్బ మీద వాడాలనేది ఇక్కడ ప్లాను. ఓర్లాండో, టాంపా, మయామీల నుంచి పది పన్నెండు మందిని పోగుచేసి బయల్దేరే క్లబ్బుల కోసం ఇది రాస్తున్నాం. చాలామంది శిక్షణ స్విమ్మింగ్ పూల్లోనో, మంచినీటి బుగ్గల్లోనో అయి ఉంటుంది. వాళ్లకి ఉప్పునీళ్లు, కరెంటు (సముద్రపు ప్రవాహం), లోతు మూడూ ఒకే పొద్దున ఎదురవుతాయి. అందుకే ఓడ గురించి కంటే ఓడకి దిగే తాడు గురించే ఇందులో ఎక్కువ చెప్తున్నాం.

ముందు ఓడ సంగతి. స్పీగల్ గ్రోవ్ అమెరికా నౌకాదళంలో పనిచేసిన ఓడ. పొడవు 510 అడుగులు, అంటే 155 మీటర్లు. కృత్రిమ రీఫ్‌గా మారుద్దామని 2002 మే 17న ముంచబోతే, అనుకున్న వేళకు ముందే మునిగి తల్లకిందులైంది. ముక్కు నీళ్లపైనే మిగిలిపోయింది. కొన్ని వారాల తర్వాత దాన్ని పక్కకి దొర్లించగలిగారు. నిటారుగా నిలబెట్టింది మాత్రం మనుషులు కాదు, 2005 జులైలో వచ్చిన డెన్నిస్ తుఫాను. అంత ఓడని కదిల్చిన సముద్రం లోపలి తలుపుల్ని, తీగల్ని కదల్చదా? లోపలి దారులు ఎక్కడో చూసిన పాత పటంలో ఉన్నట్టే ఉంటాయని అనుకోవద్దు. ఓడ పైభాగం 18 మీటర్ల దగ్గర తగులుతుంది, ప్రధాన డెక్ 25 నుంచి 27 మీటర్ల మధ్య ఉంటుంది, అడుగున ఇసుక 41 మీటర్లు. మీ డైవ్ డెక్ దగ్గరే ఆగాలి. ఇసుక దాకా వెళ్లే పని లేదు.

నెల ముందు: ఎవరు ఏ బోటు

అందర్నీ ఒకే బోటెక్కించాలని చూడకండి. ఈ ఓడకి అడ్వాన్స్‌డ్ కార్డు (పై మెట్టు డైవింగ్ శిక్షణ పత్రం) గానీ, ఆ లోతులో ఇటీవల చేసిన డైవ్ రికార్డు గానీ చాలా బోట్లు అడుగుతాయి. లేనివాళ్లని గైడ్‌తో మాత్రమే దింపుతాయి. మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కార్డుతో ఆగినవాళ్లకి వేరే బోటు మాట్లాడండి. వాళ్లకి మొదట బెన్‌వుడ్ అనే మునిగిన ఓడ, తర్వాత ఫ్రెంచ్ రీఫ్ అనే పగడపు దిబ్బ. అది తక్కువరకం ట్రిప్పేం కాదు. బెన్‌వుడ్ 1942 ఏప్రిల్ 9 రాత్రి జర్మన్ జలాంతర్గాముల భయంతో దీపాలార్పుకుని వెళ్తూ, అలాగే దీపాలార్పుకుని వస్తున్న రాబర్ట్ సీ టటిల్ అనే ఓడని గుద్దుకుంది. ఇప్పుడు 8 నుంచి 14 మీటర్ల లోతులో విడివిడిగా పడి ఉంది. పైన కప్పు లేదు కాబట్టి చిక్కుకునే భయం తక్కువ, చేపలు మాత్రం దండిగా ఉంటాయి. ఆరేడు డైవులు చేసినవాళ్లకి స్పీగల్ గ్రోవ్ కంటే ఇదే బాగా కనిపిస్తుంది, ఎందుకంటే గాలి, లోతు చూపే గేజీ వైపు కాకుండా ఓడ వైపు చూసే తీరిక దొరుకుతుంది.

పేర్లు రాసుకునేటప్పుడు ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడగండి: చివరి డైవ్ ఎప్పుడు, ఎంత లోతు, ఎంత గాలితో పైకొచ్చారు. మూడోదానికి జవాబు తెలియనివాళ్లు రెండో బోటుకి. ఆర్నెల్లుగా నీళ్లలో దిగనివాళ్లు పూల్లో ఒకసారి మాస్కులో నీళ్లు నింపి ఖాళీ చేయడం, బడ్డీ (జంటగా దిగే తోడు) రెగ్యులేటర్, అంటే నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే పరికరం, అందుకోవడం చేసి రావాలి. ఆస్తమా, బీపీ మందులు, ఇటీవలి ఆపరేషన్ లాంటివి ఉంటే వైద్య పత్రం మీద డాక్టరు సంతకం ముందే తీసుకోవాలి. డాక్ (బోటెక్కే రేవు) దగ్గరికొచ్చాక ఆ కాగితంలో ‘అవును’ అని టిక్కు పెడితే బోటు ఎక్కనివ్వరు, డబ్బూ వెనక్కి రాదు. డైవింగ్ ప్రమాద బీమా అందరికీ ఉండాలి. ఇంట్లో ఆరోగ్య బీమా ఉందిగా అనుకుంటారు, కానీ ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే జబ్బుకి పీడనపు గదిలో, అంటే రీకంప్రెషన్ చాంబర్‌లో, చేసే చికిత్సకి అది డబ్బిస్తుందో లేదో అప్పుడు తెలుసుకుంటే ఆలస్యం.

వారం ముందు: గాలి, నెల, కాలం

మే నుంచి సెప్టెంబరు దాకా సముద్రం మెత్తగా ఉంటుంది, నీళ్లు 28 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటాయి. ఆ నెలల్లోనే తుఫానులూ వస్తాయి. చలికాలంలో నీళ్లు 22, 23కి దిగుతాయి, ఉత్తరపు గాలి తిరిగినప్పుడల్లా ట్రిప్పు రద్దవుతుంది. జులై చివరి బుధ, గురువారాలు వదిలేయండి. ఆ రెండు రోజులూ లాబ్‌స్టర్ మినీ సీజన్, అంటే జనం లాబ్‌స్టర్లు పట్టుకునే ప్రత్యేక రోజులు. సముద్రం నిండా బోట్లే, గదులు దొరకవు.

మూడు రోజుల ముందు నుంచి మెరైన్ ఫోర్‌కాస్ట్ (సముద్ర వాతావరణ సూచన) చూస్తుండండి. అలలు రెండడుగుల లోపుంటే హాయి. నాలుగడుగులైతే బోటు మీద సగంమంది వాంతులు చేసుకుంటారు, నిచ్చెన ఎక్కడమే పెద్ద పని. గాలి 20 నాట్లు దాటితే చిన్న పడవలకి హెచ్చరిక జారీ చేస్తారు. ఇక ఆలోచించాల్సిందేమీ లేదు, తేదీ మార్చుకోవడమే.

ముందు రాత్రి

ఓర్లాండో, టాంపాల నుంచి సుమారు ఐదు గంటల డ్రైవు. అర్ధరాత్రి లేచి కారెక్కి, పొద్దున ఎనిమిదికల్లా 27 మీటర్ల లోతుకి దిగే ఏర్పాటు పెట్టుకోకండి. హోమ్‌స్టెడ్ లోనో, ఫ్లోరిడా సిటీలోనో రాత్రి పడుకోండి. అక్కడి నుంచి కీ లార్గో గంటలోపే. బీరు సంగతి మర్నాటి సాయంత్రం చూసుకోవచ్చు. నీళ్లు మాత్రం బాగా తాగండి.

కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు మెక్లిజిన్ మాత్ర రాత్రి ఒకటి, పొద్దున బోటుకి గంట ముందు ఒకటి వేసుకోవాలి. బోటెక్కి వికారం మొదలయ్యాక వేసుకుంటే అది నీళ్లలోకే పోతుంది. ఈ మాత్రతో కొందరికి మత్తుగా ఉంటుంది కాబట్టి అంతకుముందే ఇంట్లో ఒకసారి వేసుకుని చూడండి. పొద్దున ఖాళీ కడుపుతో వెళ్లకూడదు, పూరీకూరతోనూ వెళ్లకూడదు. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. పులిహోర డబ్బా కట్టుకోండి గానీ అది రెండో డైవ్ తర్వాతకి. రెండు డైవుల మధ్య పెరుగన్నం, పండు, అల్లం మురబ్బా ముక్క. నీళ్లలో ఉండగా వాంతొస్తే రెగ్యులేటర్ నోట్లోంచి తీయకండి, పట్టుకుని అందులోకే చేసుకుని, లోపలిది బయటికి తోసే పర్జ్ బటన్ నొక్కండి. వినడానికి రోతగా ఉంటుంది గానీ అది తీసేసి వాంతి చేసుకున్నాక వచ్చే మొదటి ఊపిరి నీళ్లే.

డాక్ దగ్గర: ట్యాంకు, బరువులు

ఎనిమిదికి బయల్దేరే బోటుకి ఏడుంబావుకల్లా ఉండాలి. నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) తీసుకుంటే 32 శాతం ఆక్సిజన్‌ది అడగండి. మీ ట్యాంకుని మీరే ఎనలైజర్‌తో కొలిచి, శాతం, గరిష్ఠ లోతు టేపు మీద రాసి అంటించండి. పక్కవాళ్లు కొలిచారు కదా అనుకోవడానికి వీల్లేదు. ఆక్సిజన్ పీడనం 1.4 బార్ దాటకూడదనే లెక్కన 32కి గరిష్ఠ లోతు 33 మీటర్లు. ఇసుక 41 దగ్గరుందని గుర్తుంది కదా? కెమెరా జారిపడినా సరే దాని వెనక వెళ్లకూడని లోతు అది.

నైట్రాక్స్ పెడితే కింద ఎక్కువసేపు ఉండొచ్చని చాలామంది అనుకుంటారు. ఒక్క అల్యూమినియం 80 ట్యాంకుతో (మామూలుగా వాడే సైజు) అది జరగదు. నో-డెకో సమయం (మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సిన పని లేకుండా పైకి రాగలిగే గడువు) కంటే ముందే గాలి అయిపోతుంది. ఒంట్లో నైట్రోజన్ తక్కువ చేరుతుంది కాబట్టి నైట్రాక్స్ లాభం రెండో డైవులో తెలుస్తుంది.

బరువుల దగ్గర మంచినీటి అలవాటు మోసం చేస్తుంది. ఉప్పునీరు రెండున్నర శాతం బరువెక్కువ. సామానుతో కలిపి 95 కిలోలుండే మనిషికి సుమారు రెండున్నర కిలోల సీసం అదనంగా కావాలి. ఇంకోటి, ట్యాంకులో నిండుగా ఉన్న గాలికే రెండున్నర కిలోలకి పైగా బరువుంటుంది. దిగేటప్పుడు బాగానే ఉండి, చివర్లో 5 మీటర్ల దగ్గర నిలబడలేక బుడగలా పైకి తేలిపోయేది ఇందుకే. పరీక్ష ఎలాగంటే: ఖాళీ కావచ్చిన ట్యాంకుతో, బీసీడీలో (గాలి నింపి తేలే జాకెట్టు) గాలి లేకుండా, మామూలు ఊపిరి పట్టుకుంటే నీళ్లు కళ్ల దగ్గరకి రావాలి. నిండు ట్యాంకుతో ఈ పరీక్ష చేస్తే రెండు కిలోలు కలుపుకోండి.

మిగతా సామాను: 3 మిల్లీమీటర్ల పూర్తి సూటు, ఒక లైటు (20 మీటర్ల కింద ఎరుపు కనిపించదు, ఓడకి పట్టిన స్పాంజీలన్నీ బూడిదరంగే), చేపల వల దారాలు కోయడానికి చిన్న కత్తెర, 30 మీటర్ల దారపు స్పూల్‌తో సర్ఫేస్ మార్కర్ బాయ్ (మీరెక్కడున్నారో పైవాళ్లకి చూపే, గాలి ఊదే గొట్టం). వేలాడే గేజీలు, ఆక్టోపస్ (బడ్డీ కోసం ఉంచే అదనపు రెగ్యులేటర్) గొట్టం క్లిప్పుకి పెట్టేయండి. తుప్పు పట్టిన కడ్డీకి మొదట తగులుకునేవి అవే.

గాలి లెక్క: కాగితం మీద చేసి రండి

మొత్తం ట్రిప్పులో తీరిగ్గా కూర్చుని చేయాల్సిన పని ఇదొక్కటే. అల్యూమినియం 80లో నీటి పరిమాణం 11.1 లీటర్లు. 200 బార్‌కి, అంటే అమెరికా గేజీ కొలతలో 2900 పీఎస్ఐకి, 2220 లీటర్ల గాలి. 27 మీటర్ల దగ్గర పీడనం 3.7 బార్. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి అక్కడ 74 లీటర్లు పీలుస్తాడు.

ఇప్పుడు చెడు జరిగిందనుకోండి. బడ్డీ గాలి అయిపోయింది, ఇద్దరూ ఒకే ట్యాంకు మీద పైకి రావాలి. కంగారులో ఒక్కొక్కరు 30 లీటర్ల చొప్పున ఇద్దరికి 60. కింద ఒక నిమిషం సర్దుకోవడానికి: 60 ఇంటూ 3.7, అంటే 222. నిమిషానికి 9 మీటర్ల వేగంతో మూడు నిమిషాల ఎక్కడానికి, సగటు పీడనం 2.35 కాబట్టి 423. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల ఆగుడుకి 270. మొత్తం 915 లీటర్లు. 11.1తో భాగిస్తే 82 బార్, దాదాపు 1200 పీఎస్ఐ. అంటే 1200 చూపించేసరికి తాడు మీ చేతిలో ఉండాలి, పైకి కదులుతుండాలి. ‘500తో బోటెక్కండి’ అని సిబ్బంది చెప్పే మాట వేరు, ఈ 1200 వేరు. 500 అనేది బోటు మీద చూసే అంకె.

మిగిలిన 118 బార్‌లో, అంటే 1310 లీటర్లలో, దిగడానికి పోనూ డెక్ మీద దొరికేది పదిహేను పదహారు నిమిషాలు. సగం 2000 పీఎస్ఐ దగ్గర తేలుతుంది. అక్కడ వెనక్కి తిరగాలి. ఈ రెండు అంకెలూ, 2000, 1200, స్లేటు మీద రాసుకోండి. ఇద్దరిలో ఎవరిది ముందు 2000 అయితే ఆ జంట అప్పుడే తిరుగుతుంది. మనవాళ్లకి ఇక్కడ ఒక జబ్బుంది: మొహమాటం. ‘నా వల్ల అందరి డైవ్ పాడవుతుందేమో’ అని 1500 దాకా చెప్పరు. దీనికి మందొకటే. గాలి ఎంతుందని అయిదు నిమిషాలకోసారి లీడరే అడగాలి, వేళ్లతో జవాబు రాబట్టాలి.

తాడు మీద దిగడం

ఇక్కడ లంగరు వేయరు. ఓడకే తాళ్లతో కట్టి పైన తేలే మూరింగ్ బాయ్‌లకి బోటుని కడతారు. మీరు నీళ్లలో దూకకముందు ఆ బాయ్ వైపు ఒక నిమిషం చూడండి. దాని వెనక నీళ్లు కాలవలా చీలుతున్నాయా? బాయ్ సగం నీళ్లలోకి లాగేసినట్టుందా? గల్ఫ్ స్ట్రీమ్ అనే పెద్ద సముద్ర ప్రవాహం దగ్గరికి జరిగిన రోజున కరెంటు అలా ఉంటుంది. అలాంటప్పుడు ఓడని వదిలి రీఫ్‌కి పోవడమే తెలివి. క్లబ్బు ఐదు గంటలు డ్రైవ్ చేసి వచ్చిందని ఆ మాట చెప్పడానికి లీడరు సంకోచించకూడదు.

కరెంటు ఓ మోస్తరుగా ఉంటే పద్ధతి ఇది. బోటు వెనక నుంచి ముందు మూరింగ్ దాకా ఒక తాడు కట్టి ఉంటుంది. దూకగానే ఆ తాడు పట్టుకోవాలి. ‘ఓకే’ చూపించి, మాస్కు సర్దుకుని ఆ తర్వాత ఈదుదామనుకుంటే అప్పటికే మీరు బోటుకి పదిహేను మీటర్లు వెనక్కి కొట్టుకుపోయి ఉంటారు. దూకేముందే బీసీడీలో గాలి తక్కువ ఉంచి, మాస్కు బిగించి, చేతులు ఖాళీగా పెట్టుకోండి. కెమెరా తర్వాత అందిస్తారు. ముందు తాడు మీద చేతికి చేయి మార్చుకుంటూ మూరింగ్ దాకా వెళ్లాలి, కాళ్లతో తన్నుకోవద్దు. తన్నారంటే ఊపిరి ఎక్కువై, డెక్ చేరకముందే 300 పీఎస్ఐ పోతుంది. మూరింగ్ తాడు దగ్గర కరెంటుకి ఎదురుగా ముఖం పెట్టి, జెండాలా పక్కకి వాలి దిగండి. మొదటి మీటరు నుంచే ముక్కు మూసి చెవుల్లోకి గాలి ఊదుకుంటూ ఉండాలి. నొప్పి వచ్చాక ఊదడం కాదు, ఒక మీటరు పైకొచ్చి మళ్లీ. జలుబుతో వచ్చినవాళ్లు బోటు మీదే ఉంటారు.

డెక్ చేరాక ఇంకో పని చేయండి. తాడు ఓడకి ఎక్కడ కట్టి ఉందో వెనక్కి తిరిగి చూడండి, చుట్టూ ఉన్న గుర్తు ఒకటి స్లేటు మీద గీయండి: క్రేన్ పక్కన, ఫిరంగుల వెనక అని. ఈ ఓడ మీద అలాంటి తాళ్లు చాలా ఉన్నాయి. దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వేరే తాడు పట్టుకుని పైకొస్తే వేరే బోటు కింద తేలతారు.

ఇక అందరూ చేసే తప్పు. తాడు కనిపించలేదు, గాలి తగ్గుతోంది, ఏముంది, నేరుగా పైకి వెళ్దాం అనుకుంటారు. మీ బోటు మూరింగ్‌కి కట్టి ఉంది, దాని కింద ఇంకా పదిమంది డైవర్లున్నారు. కెప్టెన్ వెంటనే ఇంజిను వేసి మీ వెనక రాలేడు. వాళ్లందరూ ఎక్కేదాకా మీరు కొట్టుకుపోతూనే ఉంటారు. కాబట్టి తాడు పోయిందని తెలిసిన నిమిషంలోనే మార్కర్ బాయ్ ఊది పైకి పంపండి, స్పూల్ పట్టుకుని దాని కింద సేఫ్టీ స్టాప్ (5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల ఆగుడు) చేయండి. పైన ఉన్నవాళ్లకి మీరు ఎటు పోతున్నారో మొదటి నుంచీ తెలుస్తుంది. పైకొచ్చాక బీసీడీ నిండా ఊదుకుని, బోటు వైపు ఈదకుండా బాయ్ నిలువుగా పట్టుకుని ఉండండి.

ఓడ మీద

ముందు కరెంటుకి ఎదురుగా వెళ్లి, వచ్చేటప్పుడు అది తోసేలా చూసుకోండి. డెక్ మీద కట్టడాల వెనక నీళ్లు నిశ్శబ్దంగా ఉంటాయి, కాసేపు అక్కడ ఆగి ఊపిరి నెమ్మదించుకోవచ్చు. గోలియత్ గ్రూపర్ చేపలు చిన్న కారంత పెద్దగా కనిపించినా కంగారుపడకండి. వాటి దారికి అడ్డం వెళ్లకపోతే చాలు.

లోపలికి దూరవద్దు. తలుపు దగ్గర నుంచి చూస్తే అటువైపు వెలుతురు కనిపిస్తుంది, ‘ఇంతే కదా’ అనిపిస్తుంది. మీ బుడగలు కప్పుకి తగిలి తుప్పు రాలుతుంది, ఫిన్ (కాలికి తొడిగే తెడ్డు) తగిలి అడుగు బురద లేస్తుంది, వెళ్లేటప్పుడు కనిపించిన వెలుతురు వచ్చేటప్పుడు కనిపించదు. 2007లో ఈ ఓడ లోపలికి వెళ్లిన ముగ్గురు డైవర్లు చనిపోయారు. దారి తాడు చుట్టిన రీలు, రెండు లైట్లు, రెండో గాలి మార్గం, దానికి తగ్గ శిక్షణ లేనివాళ్లకి లోపల ఏ పనీ లేదు.

పైకొచ్చేటప్పుడు తాడు మీద 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు. రద్దీగా ఉంటే ఒకరి కింద ఒకరు ఉండండి, పైవాళ్ల ఫిన్లకి మాస్కు ఎదురు పెట్టకుండా. బోటు ఎగిరి పడుతుంటే నిచ్చెన పక్కన వేచి ఉండండి గానీ నిచ్చెన కింద ఉండకండి. ఎక్కేవాళ్లు జారితే పడేది మీ మీదే.

అందరూ ఎక్కాక తలలు లెక్కపెట్టడం కాదు, పేరు పిలవాలి. ఆ మనిషి తన నోటితో ‘ఉన్నాను’ అనాలి. వేరే ఎవరూ అతని బదులు పలకకూడదు. బోటువాళ్ల లెక్క బోటువాళ్లది, క్లబ్బు లెక్క క్లబ్బుది, రెండూ కలిశాకే తాడు విప్పాలి.

మధ్యలో గంట, తర్వాత మొలాసెస్

కనీసం గంట విరామం. నీళ్లు తాగండి, నీడలో కూర్చోండి, ఒళ్లంతా క్రీము రాసుకునే బదులు పొడుగు చేతుల రాష్‌గార్డు చొక్కా వేసుకోండి. భుజం, మోకాలు కొత్తగా నొప్పి, చర్మం మీద మచ్చలు, తిమ్మిరి, మామూలు కంటే మించిన అలసట ఉంటే అది ఆ నైట్రోజన్ జబ్బు కావచ్చు, రెండో డైవ్ లేదు. ఆక్సిజన్ పెట్టి కెప్టెన్‌కి చెప్పాలి, వీహెచ్ఎఫ్ రేడియో 16వ చానల్లో కోస్ట్ గార్డుని ఆయన పిలుస్తాడు.

మొలాసెస్ దగ్గర లోతు 3 నుంచి 12 మీటర్లు. పగడపు గట్లు వేళ్లలా బయటికి సాగి, మధ్యలో ఇసుక కాలవలు ఉంటాయి. ఈదడం ఆ కాలవల్లోనే, గట్ల మీద కాదు. బరువులు సరిగా లేనివాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ఫిన్ ఒక్క తన్నుకి పగడం మీద ఇసుక పోస్తుంది. 2023 వేసవిలో వచ్చిన సముద్రపు వేడికి ఇక్కడి పగడాలు తెల్లబారి చాలా చచ్చిపోయాయి. మిగిలినవాటిని చేత్తో ముట్టకండి, ఫిన్‌తో తన్నకండి. ఓడ తాడు పట్టుకోవడానికి గ్లవ్స్ తెచ్చి ఉంటే ఇక్కడ తీసి జేబులో పెట్టండి. గ్లవ్స్ ఉన్న చెయ్యి దానంతటదే ఏదో ఒకటి పట్టుకుంటుంది.

ఇక్కడ బోట్లు చాలా ఉంటాయి, బాయ్‌లకి నంబర్లుంటాయి. దిగేముందు మీ నంబరు, దిగాక మీ బోటు అడుగు రంగు చూసి పెట్టుకోండి. 1887లో మునిగిన స్లోబోడ్నా ఓడ తాలూకు పెద్ద వించ్ ఇసుకలో కనిపిస్తుంది, అది మంచి గుర్తు. లయన్‌ఫిష్ అనే చేప విషపు ముల్లు గుచ్చుకుంటే చర్మం కాలనంత వేడి నీళ్లలో అరగంటకి పైగా ముంచి ఉంచాలి, తర్వాత డాక్టరు. తాకితే మండే ఫైర్ కోరల్ తగిలితే రుద్దవద్దు, వెనిగర్ పోయండి. బోటుకి వెనిగర్ సీసా ఒకటి క్లబ్బే తెచ్చుకుంటే మంచిది.

ఒడ్డుకొచ్చాక

సిబ్బందికి టిప్పు ట్యాంకుకి ఐదు నుంచి పది డాలర్ల లెక్కన ఇవ్వడం వాడుక. క్లబ్బు మొత్తం కలిపి ఒకే కవర్లో ఇచ్చేస్తే ఒక్కొక్కరు తడి జేబులు వెతుక్కునే పని ఉండదు. రెగ్యులేటర్ మొదటి స్టేజీకి (ట్యాంకుకి తగిలించే భాగం) మూత బిగించాకే మంచినీళ్లలో ముంచండి, ముంచినప్పుడు పర్జ్ బటన్ నొక్కొద్దు. నొక్కితే నీళ్లు గొట్టంలోకి వెళ్లి లోపల ఉప్పు పేరుకుంటుంది. బీసీడీ లోపలా కాస్త నీళ్లు పోసి తిప్పి ఒంపండి.

ఇక విమానం. రెండు డైవుల తర్వాత కనీసం 18 గంటలు ఎగరకూడదు. మధ్యాహ్నం ఒంటిగంటకి నీళ్లలోంచి బయటికొస్తే మర్నాడు ఉదయం ఏడు దాకా లెక్క. మయామీ నుంచి ఆ రాత్రే హైదరాబాద్ టికెట్ ఉన్నవాళ్లని ముందే అడిగి తెలుసుకోండి. వాళ్లని బోటు మీద కూర్చోబెట్టి పులిహోర కాపలా పెట్టొచ్చు గానీ నీళ్లలో దింపకండి.